సొమ్ము మాది, గుట్టు మీదా?

తహసీల్దారు ఆఫీసు ఎదురుగా ఉండే ఏ జెరాక్స్ షాపులోనైనా చూడండి, బల్ల మీద ఒక పొట్టి లేజర్ ప్రింటర్ కూర్చుని ఉంటుంది. కెనాన్ ఎల్‌బీపీ 2900. ఆధార్ నకళ్లు, అడంగళ్లు, హాల్ టికెట్లు పొద్దస్తమానం కక్కుతూనే ఉంటుంది. టోనర్ అయిపోతే కార్ట్‌రిడ్జ్‌కి చిల్లు పెట్టి పొడి నింపుతారు. రోలర్ అరిగితే రోలర్ మారుస్తారు. మొండి యంత్రం. దాని ఒంట్లో మన మెకానిక్కుల చేతికి లొంగనిది ఒక్కటే, అది మాట్లాడే భాష.

ఆ ప్రింటరుకి సొంత బుర్ర తక్కువ. పేజీ మొత్తాన్ని కంప్యూటరే చుక్కలుగా మార్చి, కుదించి, క్యాప్ట్ అనే కెనాన్ సొంత పద్ధతిలో పంపాలి. ఆ పద్ధతి ఏమిటో కెనాన్ బయటికి చెప్పలేదు. లైనక్స్ వాడేవాళ్ల మొహాన మూత బిగించిన డ్రైవర్ ఒకటి పడేసింది. అది ఇంటెల్ తరహా ప్రాసెసర్ల మీదే నడుస్తుంది. అదే ప్రింటర్‌ని రాస్ప్‌బెర్రీ పై బోర్డుకి తగిలిస్తే ఆ డ్రైవర్ ఎందుకూ కొరగాదు. చివరికి ఔత్సాహికులు కొందరు యూఎస్‌బీ తీగలో పోయే బైట్లను పట్టుకుని, ఇది కాగితం లాగమనడం కాబోలు, ఇది పేజీ అయిపోయిందనడం కాబోలు అని ఊహించుకుంటూ ఒక స్వేచ్ఛా డ్రైవర్ రాసుకున్నారు. డబ్బు పోసి కొన్న వస్తువుతో నాలుగు మాటలు మాట్లాడడానికి గోడకి చెవి ఆనించి వినాల్సి వచ్చిందన్నమాట.

ఈ అవమానం కొత్తదేం కాదు. 1980 ప్రాంతంలో ఎంఐటీలో రిచర్డ్ స్టాల్‌మన్‌కి ఎదురైందీ ప్రింటర్ గొడవే. జిరాక్స్ వాళ్ల లేజర్ ప్రింటర్ సోర్స్ కోడ్ కాస్త ఇమ్మని అడిగితే, ఎవరికీ ఇవ్వనని సంతకం పెట్టానంటూ ఒకాయన కాదు పొమ్మన్నాడు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం పుట్టుక వెనక ఆ కాదు పొమ్మనడం ఉంది. నలభై ఏళ్లు దాటాయి. ఆ సంతకాలు ఇంకా పెడుతూనే ఉన్నారు.

అడుగుతున్నదేమిటో ముందు తేటగా చెప్పాలి, ఎందుకంటే కంపెనీల లాయర్లు దాన్ని ఎప్పుడూ గోరంతలు కొండంతలు చేసి చూపిస్తారు. చిప్ డిజైన్ ఎవడికీ అక్కర్లేదు. ఫ్యాక్టరీలో ఏ పొర మీద ఏ పొర వేస్తారో అక్కర్లేదు. ఆఖరికి కంపెనీ రాసుకున్న డ్రైవర్ కోడ్ కూడా అక్కర్లేదు, రాసుకునే చేతులు మాకున్నాయి. కావలసింది ఒక పుస్తకం. ప్రతి చిప్‌లోనూ రిజిస్టర్లుంటాయి. ఒక చిరునామాలో ఒక అంకె రాస్తే ఫ్యాన్ వేగం మారుతుంది. ఇంకో చిరునామా చదివితే చిప్ ఎంత వేడెక్కిందో తెలుస్తుంది. ఏ చిరునామా దేనికి, ఏ బిట్ ఏం చేస్తుంది, ఏది ముందు రాయాలి, ఏది రాస్తే చిప్ బిగుసుకుపోతుంది అని వివరించే పుస్తకం. దాన్ని కొత్తగా రాయించే ఖర్చేమీ లేదు. అది లేకుండా కంపెనీ సొంత ఇంజినీర్లు విండోస్ డ్రైవర్ కూడా రాయలేరు. లోపలి సర్వర్లో ఉన్న పీడీఎఫ్‌ని బయటి సర్వర్లో పెట్టమంటున్నాం.

ఒకప్పుడు ఇది అడగాల్సిన విషయమే కాదు. యాపిల్ 2 రిఫరెన్స్ మాన్యువల్‌లో సర్క్యూట్ బొమ్మ, రోమ్‌లో ఉన్న ప్రోగ్రామ్ సహా అచ్చేశారు. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు దాని టెక్నికల్ రిఫరెన్స్‌లో బోర్డు బొమ్మలతో పాటు బయోస్ కోడ్ మొత్తం ఉంది. మన పాలిటెక్నిక్కుల్లో 8085 ప్రాసెసర్ ఇవాళ్టికీ పాఠం చెప్తున్నారంటే కారణం ఏమిటి? అది 1976 నాటి చిప్పు. ఎప్పుడో ముసలిదైపోయింది. అయినా దాని గురించి తెలియాల్సిందంతా పుస్తకంలో ఉంది గనక పిల్లలు దాని మీద చెయ్యి తిప్పుకోగలుగుతున్నారు. నిన్న మొన్న వచ్చిన వైఫై చిప్ మీద ఆ పని చెయ్యమనండి చూద్దాం.

ఇక్కడ ఒక తెలివైన ఎదురుమాట వస్తుంది. ఐబీఎం అలా అన్నీ విప్పి చెప్పే కదా నకలు పీసీల వాళ్ల చేతిలో దెబ్బతింది, అని. నిజమే, ఐబీఎం వ్యాపారానికి గండి పడింది. కానీ ఆ పుస్తకం చూసుకునే కదా పీసీలో గుచ్చే కార్డులు చేసే కంపెనీలు పదులకొద్దీ పుట్టుకొచ్చాయి! స్లాట్‌లో ఏ పిన్ను దేనికో ఐబీఎం రాసి పెట్టకపోతే 1985లో పుట్టిన ఏటీఐ ఏ కార్డు అమ్ముకునేది? 1993లో పుట్టిన ఎన్విడియాకి తయారుగా ఉన్న సంత ఎక్కడిది? ఇంకొకరు తెరిచి పెట్టిన పుస్తకం మీద బతుకు మొదలుపెట్టి, తమ వంతు వచ్చేసరికి అల్మారాకి తాళం వేశారు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే.

పోటీ కంపెనీ కాపీ కొడుతుందనేది రెండో సాకు. పోటీ కంపెనీ దగ్గర చిప్పు పొరలు ఒలిచి మైక్రోస్కోపు కింద పెట్టే ల్యాబులుంటాయి, ఆ పని మీదే జీతాలు తీసుకునే మనుషులుంటారు. రిజిస్టర్ల పట్టిక కోసం వాళ్లు ఎవరి గుమ్మం ముందూ పడిగాపులు కాయరు. మరి ఈ గుట్టు ఎవరి దగ్గర దాచినట్టు? కొన్నవాడి దగ్గర. ఆ ఒక్కడి దగ్గరే. వాడి చేతికి పుస్తకం వస్తే కంపెనీ పోగొట్టుకునేది వ్యాపార రహస్యం కాదు, ఈ వస్తువు ఇవాళ్టితో చచ్చిపోయిందని ప్రకటించే అధికారం. నా మాట ఏమన్నా ఉంటే ఇదే. మిగతా సాకులన్నీ ఈ అధికారానికి కప్పిన దుప్పట్లు. లోపల వేరేవాళ్ల దగ్గర కొన్న డిజైన్లున్నాయంటారు. నిజమే, ఉంటాయి. కొన్నప్పుడే ఒప్పందంలో ఆ మాట రాయించుకోవడం మీ పనా, నా పనా?

పుస్తకం లేనివాళ్లు ఏం చేస్తారో దగ్గరి నుంచి చూడాలంటే నూవో ప్రాజెక్టుని చూడాలి. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డులకి స్వేచ్ఛా డ్రైవర్ రాయాలని బయల్దేరినవాళ్లు. వాళ్ల పనిముట్టు పేరు ఎంఎంఐఓ ట్రేస్. కంపెనీ వాళ్ల మూత డ్రైవర్‌నే లైనక్స్‌లో నడవనిస్తారు. అయితే కార్డు రిజిస్టర్లున్న మెమరీ పేజీలన్నీ లేనట్టు, లైనక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ నటిస్తుంది. డ్రైవర్ అక్కడ చెయ్యి పెట్టిన ప్రతిసారీ ప్రాసెసర్ ఆగుతుంది, ఏ చిరునామా, ఏ అంకె, రాతా చదువా అని కెర్నెల్ ఒక వరుస రాసుకుంటుంది, ఆ పైన పని జరగనిస్తుంది. అలా లక్షల వరుసలు పోగవుతాయి. తెర కొలత 1024 నుంచి 1280కి మార్చి మళ్లీ ఇంకో ట్రేస్. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏ వరుస మారిందా అని చూడడం. మారిన వరుసలో పదహారు అంకెల (హెక్సాడెసిమల్) లెక్కలో 500 కనబడితే, అది 1280 కదా, అయితే ఈ రిజిస్టర్ వెడల్పుది! అని ఒక ముక్క చేజిక్కించుకోవడం. ఒక్క రిజిస్టర్ అర్థమైంది. ఇంకా వేలున్నాయి. కొత్త తరం కార్డు వచ్చిందా, చాలాభాగం మళ్లీ మొదటికొస్తుంది.

ఏళ్ల తరబడి ఈ గొడ్డుచాకిరీ చేశారు. 2010లో నూవో అసలు లైనక్స్ కెర్నెల్లో చేరింది కూడా. ఇంత చేస్తే కంపెనీ ఏం చెయ్యాలి? సిగ్గుపడి పుస్తకం ఇవ్వాలి. ఇవ్వకపోగా, 2014 చివర్లో వచ్చిన మ్యాక్స్‌వెల్ రెండో తరం కార్డుల నుంచి, కంపెనీ డిజిటల్ సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే ప్రోగ్రామ్) ఉంటేనే లోపలి చిన్న ప్రాసెసర్లు ముఖ్యమైన పనులకు ఒప్పుకునేలా చేసింది. బొమ్మ గీయడానికి కావలసిన ఫర్మ్‌వేర్ ముక్కలు కొన్ని ఏడాది దాటాక విదిలించింది గానీ, కార్డు వేగం పెంచడానికి కావలసిన ముక్క మాత్రం ఇవ్వలేదు. ఫలితం, వేలకు వేలు పోసి కొన్న కార్డు స్వేచ్ఛా డ్రైవర్ మీద కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు ఎంత నింపాదిగా ఉంటుందో అంతే నింపాదిగా ఉండిపోయింది. ఇదివరకు పుస్తకం దాచారు, సరే, తెలివితో ఊహించుకున్నాం. ఇప్పుడు ఊహించినా లాభం లేకుండా గొళ్లెం పెట్టారు. దాచడానికీ గొళ్లేనికీ చాలా తేడా ఉంది. మొదటిది సోమరితనం అని క్షమించొచ్చు. రెండోది పనిగట్టుకుని, ఇంజినీర్లకు జీతాలిచ్చి చేసిన పని.

2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో లైనస్ టోర్వాల్డ్స్ కెమెరాకేసి వేలు చూపించి ఎన్విడియాని బూతు తిట్టాడు. తాము వ్యవహరించిన కంపెనీలన్నిటిలోకీ పరమ చెడ్డది అదేనన్నాడు. ఆ వీడియో లోకమంతా చూసి నవ్వుకుంది. నాకు నవ్వు రాలేదు. ప్రపంచంలో సగానికి పైగా సర్వర్లని నడిపే కెర్నెల్ రాసినవాడికే తిట్టడం తప్ప వేరే దారి లేకపోతే, నరసరావుపేటలో కూర్చున్న బీటెక్ కుర్రాడి గతేమిటి?

2022 మే నెలలో ఎన్విడియా తన కెర్నెల్ మాడ్యూల్ కోడ్ బయటపెట్టింది. చప్పట్లే చప్పట్లు. నేను కొట్టలేదు. ట్యూరింగ్, ఆ తర్వాతి కార్డులకే అది పనికొస్తుంది. ఎందుకంటే వాటిలో జీఎస్‌పీ అనే ప్రాసెసర్ ఒకటి ఉంది, ఇదివరకు డ్రైవర్ చేసే పనిలో పెద్ద ముక్క దాని మీద నడిచే పదుల మెగాబైట్ల ఫర్మ్‌వేర్‌లోకి వెళ్లిపోయింది. అదింకా మూతలోనే ఉంది. బొమ్మ గీసే పై భాగమూ మూతలోనే ఉంది. తలుపు తీశారు, నిజమే, సామాను లోపలి గదిలోకి సర్దుకున్నాక తీశారు. దానివల్ల నూవో వాళ్లకి ఎట్టకేలకు కొత్త కార్డుల వేగం పెంచుకునే దారి దొరికింది, ఆ మేరకు మేలే. అది కూడా ఎందుకు జరిగిందో అర్థం చేసుకోవాలి: డేటా సెంటర్లు నడిపే పెద్ద గిరాకీలన్నీ లైనక్స్ మీదే ఉన్నాయి. పాతికేళ్లు బతిమాలిన చిన్నవాళ్ల కోసం జరిగింది కాదు.

పైగా కోడ్ వేరు, పుస్తకం వేరు. ఈ తేడా మనవాళ్లు మర్చిపోతున్నారు. ఎన్విడియాకే ఒకప్పుడు ఎన్‌వీ అనే డ్రైవర్ ఉండేది. పేరుకి ఓపెన్ సోర్స్. తెరిచి చూస్తే ఏ రిజిస్టరుకీ పేరుండదు, వట్టి అంకెలు. ఈ చిరునామాలో ఈ అంకె రాయి, ఎందుకని అడక్కు. లైసెన్సు ప్రకారం మార్చుకునే హక్కుంది, ఏం మార్చాలో తెలిసే వీలు లేదు. 2010లో కంపెనీ దాన్ని వదిలేసింది, కొత్త కార్డులకి దాంట్లో చోటుండదు, ఏ కార్డుకైనా పనికొచ్చే వెసా డ్రైవర్‌తో సరిపెట్టుకుని మా మూత డ్రైవర్ దించుకోండని చెప్పింది. ఎవరూ దాన్ని ఎత్తుకుని పెంచలేకపోయారు, పెంచడానికి అందులో ఏమీ లేదు గనక.

అందుకే ఓపెన్‌బీఎస్‌డీ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ నాయకుడు థియో డి రాట్ అంటే నాకు గౌరవం. నోటి దురుసు మనిషి, మర్యాద తెలియదని పేరు. అయితేనేం, పుస్తకమే కావాలని పట్టుబట్టిన మనిషి. 2005లో అడాప్టెక్ రెయిడ్ కార్డుల గొడవ చూడండి. రెయిడ్ కార్డు పనేమిటి? నాలుగు డిస్కుల్లో ఒకటి చచ్చినా డేటా పోకుండా చూడడం. ఏ డిస్కు చచ్చిందో అడగాలన్నా, కొత్త డిస్కు పెట్టాక మళ్లీ నింపమని చెప్పాలన్నా కార్డుతో మాట్లాడాలి. ఆ మాటలు కంపెనీ చెప్పదు, తన మూత ప్రోగ్రామ్ వాడమంటుంది. నెలల తరబడి అడిగి విసిగిపోయి, థియో ఆ డ్రైవర్‌ని మామూలు కెర్నెల్లోంచి తీసి పక్కన పెట్టాడు. వాడకందార్లు గోల చేశారు. ఆయన మాత్రం సగం పనిచేసేదాన్ని నమ్మి మీ డేటా పోగొట్టుకోవడం కన్నా అసలు లేదని తెలియడం మేలన్నట్టు నిలబడ్డాడు. అథెరోస్ వైఫై విషయంలోనూ అంతే. లైనక్స్, ఫ్రీబీఎస్‌డీ వాళ్లు హాల్ అనే మూత ముక్కతో సర్దుకుపోతుంటే ఓపెన్‌బీఎస్‌డీలో రైక్ ఫ్లోటర్ దాన్ని విప్పి సొంతంగా రాశాడు. 2008లో అథెరోస్ తన హాల్ కోడ్‌ని తనే బయటపెట్టింది. ఆకాశమేమీ విరిగి పడలేదు.

2007లో లైనక్స్ వాళ్లలో గ్రెగ్ క్రోవా హార్ట్‌మన్ వేరే దారి పట్టాడు. ఏ కంపెనీ అయినా సరే రండి, ఉచితంగా డ్రైవర్ రాసిపెడతాం, కావాలంటే బయట నోరు విప్పబోమని ఎన్‌డీఏ అనే గోప్యతా ఒప్పందం మీద సంతకం కూడా పెడతాం అన్నాడు. మనిషి ఉద్దేశం మంచిదే, దాంతో డ్రైవర్లూ వచ్చాయి. కానీ ఆ సంతకంతో నాకు పేచీ ఉంది. పుస్తకం చూసిన ఒక్కడూ డ్రైవర్ రాసి వెళ్లిపోతాడు. పదేళ్ల తర్వాత అందులో బగ్ దొరికితే సరిచేయాల్సినవాడి ముందు మళ్లీ ఎందుకో తెలియని అంకెలే మిగులుతాయి.

ఇస్తే ఏమవుతుందో చూశాం కదా. 2007 సెప్టెంబరులో, ఏటీఐని కొన్న ఏడాదికే, ఏఎండీ తన గ్రాఫిక్స్ చిప్పుల పత్రాలు విడుదల చేస్తానంది, చేసింది. మునిగిపోయిందా? 2022లో వచ్చిన వాల్వ్ వాళ్ల స్టీమ్ డెక్ ఏఎండీ చిప్ మీద, స్వేచ్ఛా డ్రైవర్ మీదే ఆటలాడిస్తోంది. ఏఎండీ కూడా ఫర్మ్‌వేర్ ముక్కలు దాచుకుంటుంది, దాన్ని నెత్తిన పెట్టుకోమని అనడం లేదు. బ్రాడ్‌కామ్ సంగతి ఇంకా బాగుంటుంది. ఏళ్ల తరబడి దాని వైఫై చిప్పులంటే లైనక్స్ వాళ్లకి చలిజ్వరం. ఒక జట్టు మూత డ్రైవర్‌ని చదివి వివరణ రాస్తే, ఆ డ్రైవర్ మొహం చూడని ఇంకో జట్టు ఆ వివరణ చూసి కోడ్ రాసింది, కోర్టు భయంతో. అదే బ్రాడ్‌కామ్ 2014 ఫిబ్రవరిలో, రాస్ప్‌బెర్రీ పై రెండో పుట్టినరోజు నాడు, దానిలోని గ్రాఫిక్స్ చిప్ పుస్తకం బయటపెట్టింది. ఎందుకూ? లక్షలమంది ఆ బోర్డు కొంటున్నారు గనక. కొనేవాడికి బలం ఉంటే కంపెనీకి ధర్మం గుర్తొస్తుంది.

భద్రత కోసం దాస్తున్నామన్న మాట ఒకటి మిగిలింది, దానికి ఎక్కువ సేపు అక్కర్లేదు. 2017లో గూగుల్ ప్రాజెక్ట్ జీరో పరిశోధకుడు బ్రాడ్‌కామ్ మూత ఫర్మ్‌వేర్‌ని పుస్తకం లేకుండానే విప్పి, వైఫై గాలిలోంచే ఫోన్‌లోకి దూరొచ్చని చూపించాడు. దొంగ కూడా అలాగే విప్పగలడు. మూత వల్ల ఆగిపోయింది బాగుచేసేవాడు ఒక్కడే.

ఇదంతా ఎక్కడో కాలిఫోర్నియాలో జరిగే గొడవ అనుకుంటున్నారేమో. ఏఎండీకి, ఎన్విడియాకి, క్వాల్‌కామ్‌కి హైదరాబాదులో ఆఫీసులున్నాయి. అక్కడ చిప్పులు పరీక్షించేవాళ్లలో, డ్రైవర్లు రాసేవాళ్లలో మన పిల్లలు బోలెడుమంది. వాళ్ల తెర మీద ఆ పుస్తకం తెరిచే ఉంటుంది. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు చిన్నాన్న కొడుకు “అన్నా, ఈ చిప్‌కి డేటాషీట్ దొరకట్లేదు, నీకేమన్నా తెలుసా?” అంటే ఆ అన్న నోటికి తాళం. అతన్ని నేనేమీ అనను. ఫ్లాటు ఈఎంఐ ఉంది, సంతకం ఉంది. ఆ తమ్ముడి కాలేజీలో మాత్రం డ్రైవర్ రాయడం అంటే కాస్త మెమరీని తీసుకుని ఇదే డివైస్ అనుకోండి అని నేర్పుతారు. బొమ్మ పెళ్లి. అసలు పరికరం జోలికి వెళ్లాలంటే పుస్తకం కావాలి మరి. ఇంత సిలికాన్ పని జరిగే ఊళ్లో చిప్ లోపల ఏముందో తెలుసుకునే హక్కు ఉద్యోగానికి ఉంది గానీ చదువుకి లేదు.

తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తెచ్చిన స్వేచ్ఛ సంస్థ తన ఆపరేటింగ్ సిస్టమ్‌ని డెబియన్ అనే లైనక్స్ కూర్పు మీద కట్టుకుంది. అంత నిష్ఠగల డెబియన్ కూడా చివరికి 2022లో ఓట్లేసుకుని, స్వేచ్ఛ లేని ఫర్మ్‌వేర్‌ని అధికారిక ఇన్‌స్టాలర్లో కలిపేసింది. వాళ్లు మాత్రం ఏం చేస్తారు? వైఫై పనిచేయాలంటే ఫర్మ్‌వేర్ దించుకోవాలి, ఫర్మ్‌వేర్ దించుకోవాలంటే వైఫై పనిచేయాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు.

మూత విప్పి చూసుకునే విషయంలో మన చట్టం నయం. కాపీరైటు చట్టం 52వ సెక్షన్‌లో, వేరే ప్రోగ్రామ్‌తో కలిసి పనిచేయించడానికి అవసరమైన సమాచారం మరెక్కడా తేలిగ్గా దొరకనప్పుడు దాన్ని రాబట్టుకునే పని నేరం కాదని ఉంది. విప్పుకోవచ్చు. కానీ సంతకం లేని ఫర్మ్‌వేర్‌ని ఒప్పుకోని చిప్ ముందు ఆ సెక్షన్ చదివి ప్రయోజనం లేదు. 2022లో కేంద్రం మరమ్మతు హక్కు గురించి కమిటీ వేసింది, ఫోన్లు, ట్రాక్టర్లు అన్నారు, పోర్టల్ పెట్టారు. స్క్రూ ఎలా విప్పాలో చెప్పే మాన్యువల్‌తో తృప్తిపడితే అది అక్కడే ఆగిపోతుంది. మన ఫోన్లు ఎన్నో రెండు మూడేళ్లకే అప్‌డేట్లు రాక మూలపడుతున్నది స్క్రూ వదులై కాదు. చిప్ కంపెనీ మూత ముక్కలు పాత కెర్నెల్‌కి అతుక్కుపోయి, కొత్తవి ఇచ్చేవాడు లేక.

2015లోనే కేంద్ర ప్రభుత్వం ఓపెన్ సోర్స్ వాడతామని విధానం ప్రకటించింది. అదే ప్రభుత్వం స్కూళ్లకీ ఆఫీసులకీ యంత్రాలు కొనే టెండర్లు తీసి చూడండి. రామ్ ఎంత, డిస్క్ ఎంత, వారంటీ ఎన్నేళ్లు, సర్వీస్ సెంటర్ జిల్లాలో ఉందా. చిప్పుల పత్రాలు ఎక్కడ అని అడిగిన టెండర్ ఒక్కటీ నా కంటపడలేదు. బతిమాలడం, తిట్టడం రెండూ చూశాం. కొనేవాళ్లలో అందరికన్నా పెద్దవాడు అడగడం మిగిలింది.

రెండు తెలుగు రాష్ట్రాల ఐటీ శాఖలకీ టెండరులో చేర్చడానికి వాక్యాలు నేనే రాసిస్తాను, ఫీజు అక్కర్లేదు. ‘సరఫరా చేసే పరికరంలోని గ్రాఫిక్స్, వైఫై, ప్రింటర్, స్కానర్ చిప్పుల రిజిస్టర్ పత్రాలు ఏ ఒప్పంద పత్రం మీదా సంతకం అడగకుండా ప్రజలందరికీ అందుబాటులో ఉండాలి. యజమాని కోరిన ఫర్మ్‌వేర్‌ని పరికరం నిరాకరించరాదు. ఈ రెండూ లేని బిడ్ సాంకేతిక పరిశీలనలోనే తిరస్కరించబడును.’ అలా అయితే ఎవరూ బిడ్ వెయ్యరండీ, అంటారు సెక్రటేరియట్‌లో. పిలిచి చూడండి. రానివాళ్ల జాబితాని మాత్రం వచ్చినవాళ్ల జాబితా పక్కనే, అదే సైజు అక్షరాల్లో నోటీసు బోర్డు మీద అంటించండి.